బ్యాక్‌స్పేస్ నొక్కితే చెరగదేం? టెర్మినల్ ఎడిటర్లపై పాఠకుల ప్రశ్నలు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో టెర్మినల్‌లో, అంటే కమాండ్లు టైప్ చేసి కంప్యూటర్‌ని నడిపే విండోలో, బ్యాక్‌స్పేస్ పెట్టే తిప్పల గురించినవే ఎక్కువ. అందుకే శీర్షిక మొత్తం దానికే కేటాయించాం. కమాండ్లను తెలుగు లిపిలోనే ఇస్తున్నాం. కీబోర్డు మీద వాటిని ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో టైప్ చేయాలి. పెద్ద అక్షరాలు కావాల్సిన చోట ఆ సంగతి చెప్పాం. ‘^’ గుర్తు కంట్రోల్ కీకి సంకేతం. ^హెచ్ అంటే కంట్రోల్-హెచ్ నొక్కితే వెళ్లే కోడ్.

పుట్టీతో ఆఫీసులో రెండు సర్వర్లకి లాగిన్ అవుతాను. ఒకదానిలో అంతా బాగుంటుంది. రెండోదానిలో వీఐ ఎడిటర్ తెరిచి బ్యాక్‌స్పేస్ నొక్కితే అక్షరం చెరగకపోగా ‘^?’ అని పడుతుంది. కీబోర్డు మార్చి చూశాను, ఫలితం లేదు. — ఒక పాఠకుడు, విజయవాడ

కీబోర్డుకి ఏ దోషమూ లేదు. మీరు బ్యాక్‌స్పేస్ నొక్కినప్పుడు ‘చెరుపు’ అనే ఆదేశమేదీ సర్వర్‌కి వెళ్లదు. వెళ్లేది ఒకే ఒక్క బైటు. దాని విలువ 127 అయినా కావచ్చు, 8 అయినా కావచ్చు. 127ని ^? అని, 8ని ^హెచ్ అని చూపిస్తారు. ఆ రెండింటిలో ఏది పంపాలో నిర్ణయించేది మీ టెర్మినల్ ప్రోగ్రాము, అంటే మీ విషయంలో పుట్టీ. అవతల సర్వర్‌లో ‘ఎరేజ్’ అనే సెట్టింగ్ ఒకటుంటుంది. వచ్చిన బైటు ఎరేజ్‌తో సరిపోలితే అక్షరం చెరుగుతుంది. లేదంటే ఆ బైటు కూడా మీరు టైప్ చేసిన ఒక అక్షరమే అనుకుని ఎడిటర్ దాన్ని ఫైల్లోకి ఎక్కిస్తుంది. మీకు ‘^?’ కనబడుతోందంటే పుట్టీ 127 పంపుతోంది, ఆ సర్వర్ 8 కోసం కాచుకుని ఉంది.

ఏదీ మార్చకముందు రెండు పరీక్షలు చేయండి. ఇబ్బంది ఉన్న సర్వర్‌లో ‘ఎస్‌టీటీవై -ఏ’ కమాండ్ ఇస్తే వచ్చే వరుసల్లో ‘ఎరేజ్ =’ పక్కన ^? ఉందో ^హెచ్ ఉందో చూడండి. తర్వాత కంట్రోల్-వి నొక్కి, వెంటనే బ్యాక్‌స్పేస్ నొక్కండి. తరువాతి కీకి ఏ అర్థమూ తీయకుండా దాని కోడ్‌ని ఉన్నదున్నట్టు చూపించమని కంట్రోల్-వి చెబుతుంది. రెండుచోట్లా ఒకే గుర్తు కనబడాలి. లైనక్స్ అయితే ‘షోకీ -ఏ’ కూడా వాడవచ్చు. నొక్కిన ప్రతి కీ విలువనీ 127, 0177 అంటూ అంకెల్లో చూపిస్తుంది. బయటికి రావడానికి కంట్రోల్-డి.

అప్పటికప్పుడు పని జరగాలంటే ‘ఎస్‌టీటీవై ఎరేజ్’ అని టైప్ చేసి, ఖాళీ వదిలి, కంట్రోల్-వి, ఆ తర్వాత బ్యాక్‌స్పేస్, చివర ఎంటర్. మీ కీ ఏ కోడ్ పంపుతోందో అదే ఎరేజ్‌గా కుదురుతుంది. వీఐ అప్పటికే తెరిచి ఉంటే మూసి మళ్లీ తెరవండి. అది ఎరేజ్ విలువని మొదలయ్యేటప్పుడే చదువుకుంటుంది.

అసలు కారణం వేరే చోట ఉంది. పుట్టీ గానీ, అదే పని చేసే ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ గానీ కనెక్షన్ పెట్టేటప్పుడే ‘మా వైపు ఎరేజ్ ఇది’ అని సర్వర్‌కి తెలియజేస్తాయి. కాబట్టి మామూలుగా తేడా రాకూడదు. వచ్చిందంటే లాగిన్ అయ్యాక సర్వర్‌లోని ఏదో ఫైలు ఆ విలువని చెడగొడుతోందన్నమాట. ఏఐఎక్స్, హెచ్‌పీ-యూఎక్స్ లాంటి పాత యూనిక్స్‌ల కాలంలో ప్రొఫైల్ ఫైళ్లలో ఎరేజ్‌ని ^హెచ్ చేసే వరుస ఒకటి రాసిపెట్టుకునేవారు. సర్వర్లు మారినా ఆ ఫైళ్లు కాపీ అవుతూ వస్తున్నాయి. /ఈటీసీ/ప్రొఫైల్, /ఈటీసీ/ప్రొఫైల్.డి, మీ హోమ్ డైరెక్టరీలోని .ప్రొఫైల్, .బ్యాష్_ప్రొఫైల్, .బ్యాష్ఆర్‌సీ ఫైళ్లలో ‘ఎస్‌టీటీవై’ అనే మాట కోసం గ్రెప్ కమాండ్‌తో వెతకండి. దొరికిన వరుస తీసేస్తే చాలు. అది అందరికీ వర్తించే ఫైలైతే, మార్చే అధికారం మీకు లేకపోతే, మీ సొంత ఫైలు చివర ఇలా రాసుకోండి:

[ -టి 0 ] && ఎస్‌టీటీవై ఎరేజ్ '^?'

ముందున్న షరతుని వదిలేయకండి. ఫైళ్లు కాపీ చేసే ఎస్‌సీపీ, ఆర్‌సింక్‌లు కనెక్ట్ అయినప్పుడు అవతల టెర్మినల్ ఉండదు. షరతు లేకుండా ఎస్‌టీటీవై నడిస్తే, ‘ఈ పరికరానికి ఇది తగదు’ అని ప్రతిసారీ ఎర్రర్ ఇస్తుంది. ^? చుట్టూ కోట్ గుర్తులు కూడా అవసరమే, ఎందుకంటే ప్రశ్నార్థకానికి షెల్‌లో (కమాండ్లు చదివి నడిపే ప్రోగ్రాములో) వేరే అర్థం ఉంది.

పుట్టీలో మార్చే దారి కూడా ఉంది. కాన్ఫిగరేషన్‌లో టెర్మినల్ కింద కీబోర్డ్ పేజీకి వెళితే బ్యాక్‌స్పేస్ కీకి కంట్రోల్-హెచ్, కంట్రోల్-? (127) అని రెండు ఎంపికలుంటాయి. మొదటినుంచీ ఉండేది 127. కానీ ఒక్క సర్వర్ కోసం దీన్ని మార్చాలంటే ఆ సర్వర్ పేరుతో సేవ్ చేసిన సెషన్‌లోనే మార్చండి. డిఫాల్ట్ సెట్టింగ్స్‌లో మారిస్తే, ఇప్పుడు బాగున్న సర్వర్ల మీద కూడా ప్రభావం పడవచ్చు. అత్యవసరంగా ఒకటి రెండు అక్షరాలు చెరపాల్సి వస్తే పుట్టీలో షిఫ్ట్-బ్యాక్‌స్పేస్ నొక్కండి. ఎంపిక చేయని రెండో కోడ్‌ని అది పంపుతుంది.

ఒకే పనికి రెండు కోడ్‌లు ఎందుకొచ్చాయి? మొదట్లోనే ఒకటి ఖాయం చేసి ఉంటే సరిపోయేది కదా! — ఇంజనీరింగ్ విద్యార్థిని, వరంగల్

మొదట్లో అవి రెండూ ఒకే పనికి పుట్టినవి కావు. 1963లో అక్షరాలకి అంకెల కోడ్‌లిచ్చే ఆస్కీ ప్రమాణం వచ్చేనాటికి టెర్మినల్ అంటే కాగితం మీద అచ్చుకొట్టే టెలిటైప్ యంత్రం. కోడ్ 8 వస్తే అచ్చుకొట్టే తల ఒక గడి వెనక్కి జరుగుతుంది, అంతే. చెరపడమన్నది లేదు, కాగితం మీద పడిన సిరా ఎక్కడికి పోతుంది? వెనక్కి జరిగి ఇంకో గుర్తు కొట్టడానికే దాని ఉపయోగం. అక్షరం కొట్టి, 8 పంపి, అండర్‌స్కోర్ కొడితే కింద గీత పడుతుంది. మాన్ పేజీలను (యూనిక్స్ కమాండ్ల సహాయ పేజీలను) ఫైల్లోకి మళ్లిస్తే ఇప్పటికీ ఆ ^హెచ్‌లు కనబడటం ఉంది. ‘కోల్ -బి’ గుండా పంపితే అవి పోతాయి.

127 కథ పేపర్ టేప్‌ది. ఆస్కీలో ఒక్కో అక్షరానికి 7 బిట్లు. టేప్ మీద 1 అంటే రంధ్రం. ఒకసారి పడిన రంధ్రాన్ని పూడ్చలేం గానీ మిగిలిన చోట్ల కూడా రంధ్రాలు వేయగలం. ఏ అక్షరం తప్పు పడినా ఏడు రంధ్రాలూ వేసేస్తే 1111111 అవుతుంది. అదే 127. చదివే యంత్రం దాన్ని లెక్కచేయకుండా దాటిపోతుంది. అంటే నిజంగా ‘చెరపడం’ అనే అర్థం ఉన్నది 127కే. టెలిటైప్ మోడల్ 33లో రబౌట్ అనే కీ దీన్నే పంపేది.

తొలినాటి యూనిక్స్ ఈ రెండింటినీ కాదని, అక్షరం చెరపడానికి ‘#’, వరుసంతా కొట్టేయడానికి ‘@’ వాడింది. తెరలున్న టెర్మినళ్లు వచ్చాక దారులు చీలాయి. డెక్ కంపెనీ 1978లో తెచ్చిన వీటీ100లో బ్యాక్‌స్పేస్, డిలీట్ అని రెండు వేరు వేరు కీలుండేవి. 1983లో వచ్చిన వీటీ220లో ఎంటర్ పైన ఉండే చెరుపు కీ 127 పంపింది. లైనక్స్ కన్సోల్ వీటీ220 దారే పట్టింది. బ్యాక్‌స్పేస్ 127 పంపాలని, డిలీట్ కీ ఎస్కేప్ తర్వాత ‘[3~’ పంపాలని డెబియన్ లైనక్స్ తన విధానంలో రాసుకుంది కూడా. మరోపక్క 8 పంపే యంత్రాలూ ప్రోగ్రాములూ అప్పటికే ఊరంతా ఉన్నాయి. ఎవరి అలవాటు వాళ్లు వదలలేదు. యూనిక్స్ తరహా వ్యవస్థే అయిన ఫ్రీబీఎస్‌డీ వాళ్లది మాత్రం చక్కటి ఆలోచన: ‘ఎరేజ్2’ అని రెండో స్థానం పెట్టి, రెండు కోడ్‌లనీ ఒప్పుకున్నారు. లైనక్స్ కూడా అలా చేసి ఉంటే ఈ శీర్షికకి సగం ఉత్తరాలు వచ్చేవి కావు.

127ని ^? అని ఎందుకు రాస్తారో కూడా చూడండి. కంట్రోల్ గుర్తులో అక్షరం విలువలోని, 64కి సమానమైన ఒక్క బిట్‌ని తిరగేస్తారు. హెచ్ విలువ 72, అందులో 64 తీసేస్తే 8. ప్రశ్నార్థకం విలువ 63. దానిలో ఆ బిట్ లేదు కనుక కలుస్తుంది, 127 అవుతుంది.

విమ్‌లో బ్యాక్‌స్పేస్ నిన్నటిదాకా బాగుంది. లైన్ నంబర్లు కనబడాలని .విమ్ఆర్‌సీ ఫైలు పెట్టి ఒక్క వరుస రాశాను. అప్పటినుంచి కొత్తగా టైప్ చేసింది చెరుగుతోంది కానీ పాత అక్షరాలు చెరగడం లేదు, పై వరుసలోకి వెళ్లడం లేదు. — హైదరాబాద్

మీ విషయంలో కోడ్ సరిగ్గానే వెళ్తోంది. ఎస్‌టీటీవై జోలికి పోకండి. ఇది విమ్ సెట్టింగ్.

విమ్‌కి మూలమైన పాత వీఐలో ఇన్సర్ట్ మోడ్‌లోకి (టైప్ చేసే స్థితిలోకి) వచ్చాక మీరు టైప్ చేసిన అక్షరాలే చెరిగేవి. అంతకుముందున్నవాటిని, ఆటోమేటిక్‌గా పడిన ఇండెంట్‌ని, వరుస మలుపుని బ్యాక్‌స్పేస్ ముట్టుకునేది కాదు. విమ్ ఆ ఆనవాయితీనే మూల విలువగా ఉంచింది. 2016లో విమ్ 8 వచ్చినప్పుడు డిఫాల్ట్స్.విమ్ అనే ఫైలు తోడైంది. కొత్తవాళ్లకి ఉపయోగపడే సెట్టింగులన్నీ అందులో ఉన్నాయి, బ్యాక్‌స్పేస్‌ది కూడా. మెలిక ఏమిటంటే, మీకు సొంత .విమ్ఆర్‌సీ లేనప్పుడే ఆ ఫైలు నడుస్తుంది. మీరు ఒక్క వరుసతో ఫైలు పెట్టినా, ఖాళీ ఫైలు పెట్టినా సరే, విమ్ డిఫాల్ట్స్.విమ్‌ని పక్కన పెట్టేస్తుంది. అందుకే లైన్ నంబర్లు రాగానే బ్యాక్‌స్పేస్ పోయింది.

.విమ్ఆర్‌సీలో ఈ వరుస చేర్చండి:

సెట్ బ్యాక్‌స్పేస్=2

ఇండెంట్, వరుస మలుపు, ఇన్సర్ట్ మొదలైన చోటు, మూడూ దాటి చెరపడానికి 2 అనుమతిస్తుంది. మిగతా సౌకర్యాలు కూడా వెనక్కి కావాలంటే డిఫాల్ట్స్.విమ్‌ని మీ ఫైలు మొదటి వరుసలో ‘సోర్స్’ చేయండి. మొదటి వరుసలోనే ఉండాలి, లేకపోతే మీరు పెట్టుకున్న సెట్టింగులని అది తిరగరాస్తుంది. నియోవిమ్‌లో ఈ బెడద లేదు, మొదటినుంచీ మూడూ చెరుగుతాయి.

ఇన్సర్ట్ మోడ్‌లో బాణం కీలు నొక్కితే ఏ, బి, సి, డి పడుతుంటే, బ్యాక్‌స్పేస్ నొక్కిన అక్షరాలు ఎస్కేప్ కొట్టేదాకా తెరమీద అలాగే నిలబడితే మీరు పూర్తి విమ్‌లో లేనట్టే లెక్క. ఉబుంటులో మొదట వచ్చేది విమ్-టైనీ. ‘వీఐ’ అని పిలిస్తే అది పాత వీఐ పద్ధతిలో నడుస్తుంది. ‘ఏపీటీ ఇన్‌స్టాల్ విమ్’ చేసుకోవడమే మందు.

ఈమ్యాక్స్ ఎడిటర్‌ని టెర్మినల్‌లో తెరిచి బ్యాక్‌స్పేస్ నొక్కితే హెల్ప్ వస్తోంది. — గుంటూరు

ఈమ్యాక్స్‌లో కంట్రోల్-హెచ్ హెల్ప్ కీ. మీ టెర్మినల్ బ్యాక్‌స్పేస్‌కి 8 పంపుతోంది, అది కంట్రోల్-హెచ్ కోడే. వీలైతే టెర్మినల్‌నే 127కి మార్చండి. గ్నోమ్ టెర్మినల్‌లో ప్రొఫైల్‌కి ఉన్న కంపాటిబిలిటీ పేజీలో బ్యాక్‌స్పేస్ కీకి ‘ఆస్కీ డెల్’ ఎంచుకోండి. మ్యాక్ టెర్మినల్‌లో ప్రొఫైల్స్ అడ్వాన్స్‌డ్ పేజీలో ‘డిలీట్ సెండ్స్ కంట్రోల్-హెచ్’ దగ్గర టిక్ తీసేస్తే సరి. ఎక్స్‌టెర్మ్ అయితే బ్యాక్ఆరోకీ రిసోర్స్‌ని (ఇందులో ‘కీ’లోని కె పెద్ద అక్షరం) ఫాల్స్ చేయాలి.

టెర్మినల్‌ని మార్చలేని చోట, ఈమ్యాక్స్ తెరవకముందే ఎస్‌టీటీవైలో ఎరేజ్‌ని ^హెచ్ చేయండి. ఈమ్యాక్స్ మొదలయ్యేటప్పుడు అది చూసి తన కీలని సర్దుకుంటుంది. ఇప్పటికే తెరిచి ఉంటే ఎమ్-ఎక్స్ (అంటే ఆల్ట్-ఎక్స్) నొక్కి ‘నార్మల్-ఎరేజ్-ఈజ్-బ్యాక్‌స్పేస్-మోడ్’ ఇవ్వండి. రెండు సందర్భాల్లోనూ హెల్ప్ కోసం ఎఫ్1 వాడుకోవాలి.

సర్వర్‌లో తెలుగు టెక్స్ట్ ఫైళ్లు సరిచేస్తుంటాను. ఒక్కోసారి ఒక నొక్కుకి గుణింతం గుర్తు మాత్రమే పోతుంది, ఒక్కోసారి అక్షరమంతా పోతుంది. తెరమీద కనబడేదానికీ ఫైల్లో ఉన్నదానికీ పొంతన ఉండటం లేదు. — తెలుగు అనువాదకురాలు, బెంగళూరు

ఇది మన లిపి రాసేవాళ్లని నిజంగా బాధపెట్టే విషయం, కాస్త వివరంగా చెప్పుకోవాలి. ‘స్త్రీ’ చూడండి. కంటికి ఒకే అక్షరం. యూనికోడ్‌లో స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘపు గుడి అని ఆరు సంకేతాలు. యూటీఎఫ్-8లో తెలుగు సంకేతం ఒక్కోటి 3 బైట్లు కనుక మొత్తం 18 బైట్లు. ఒక నొక్కుకి ఎంత చెరగాలన్న విషయంలో ఒక్కో ప్రోగ్రాముది ఒక్కో లెక్క.

విమ్ మామూలుగా మూల అక్షరాన్ని, దాన్ని అంటుకున్న గుర్తుల్ని కలిపి చెరుపుతుంది. ‘స్త్రీ’కి మూడు నొక్కులు: మొదట రీ, తర్వాత త్, చివర స్. గుడి ఒక్కటే తప్పు పడితే మొత్తం పోవడం విసుగు. దానికి ‘సెట్ డెల్‌కంబైన్’ పెట్టుకోండి. అప్పుడు ఒక్కో నొక్కుకి ఒక్కో సంకేతమే పోతుంది, ‘స్త్రీ’కి ఆరు నొక్కులు పడతాయి. అనువాదం, ప్రూఫు పనులు చేసేవాళ్లకి ఇదే మేలని మా అభిప్రాయం.

తెరమీది పొంతన వేరే సంగతి. టెర్మినల్ తెర అంటే సమానమైన గడుల వరుస. తెలుగు గుర్తుల్ని యూనికోడ్ రెండు రకాలుగా విడదీసింది. దీర్ఘం, గుడి, ఎత్వం, ఏత్వం, ఒత్వం, పొల్లు లాంటివి చోటు తీసుకోనివి. కొమ్ము, కొమ్ము దీర్ఘం, వట్రసుడి, సున్న, విసర్గ చోటు తీసుకునేవి. అందుకని చాలా టెర్మినళ్ల లెక్కలో ‘కి’కి ఒక గడి, ‘కు’కి రెండు గడులు. ఎడిటర్ లెక్క వేరుగా ఉంటే ఆ వరుసలో కర్సర్ ఒకచోట, నిజంగా దిద్దుబాటు జరిగేది ఇంకోచోట. కంట్రోల్-ఎల్ కొట్టి తెరని మళ్లీ గీయించండి. తేడా పోకపోతే విమ్‌లో కర్సర్ కింద నిజంగా ఏముందో ‘జి’, ‘8’ వరుసగా నొక్కి చూడండి, ఆ అక్షరంలోని బైట్లన్నీ చూపిస్తుంది.

ఎడిటర్ బయట, అంటే ‘క్యాట్’ కమాండ్‌లోనో స్క్రిప్టు అడిగిన ప్రశ్న దగ్గరో తెలుగు టైప్ చేస్తే ఇంకా జాగ్రత్తగా ఉండాలి. అక్కడ చెరిపేది లైనక్స్ కెర్నల్, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగం. ‘ఎస్‌టీటీవై -ఏ’లో ‘ఐయూటీఎఫ్8’ ముందు మైనస్ గుర్తు ఉందంటే ఒక నొక్కుకి ఒక బైటే పోతుంది. ‘క’ మూడింట రెండొంతులు మిగిలి ఫైల్లో చెడిపోయిన బైట్లు చేరతాయి. ‘ఎస్‌టీటీవై ఐయూటీఎఫ్8’ ఇచ్చి సరిచేయండి. ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ 7.3 నుంచి ఈ సెట్టింగ్ కూడా అవతలికి వెళ్తోంది. రెండు వైపుల్లో ఏది అంతకంటే పాతదైనా చేత్తో పెట్టుకోవాల్సిందే. పెట్టుకున్నాక కూడా కెర్నల్ ప్రతి సంకేతానికీ తెరమీద ఒక గడి తుడిచేస్తుంది. ‘కి’ దగ్గర ఒకసారి నొక్కితే పోయేది గుడే, తెరమీద మాత్రం క కూడా మాయమవుతుంది. అలాంటిచోట అక్షరం అక్షరం చెరపకండి. కంట్రోల్-యూతో వరుసంతా కొట్టేసి మళ్లీ టైప్ చేయండి.

బ్యాష్ షెల్‌లో బ్యాక్‌స్పేస్ పనిచేస్తుంది. అదే విండోలో ఒరాకిల్ డేటాబేస్ వాళ్ల ఎస్‌క్యూఎల్-ప్లస్‌లోకి వెళితే ^హెచ్ పడుతుంది. ఎందుకు? — విశాఖపట్నం

బ్యాష్ వాడే రీడ్‌లైన్ లైబ్రరీ 8నీ 127నీ రెండింటినీ చెరుపుగానే తీసుకుంటుంది. అందువల్ల ఎరేజ్ తప్పుగా ఉన్న సంగతి బ్యాష్‌లో బయటపడదు. ఎస్‌క్యూఎల్-ప్లస్‌కి రీడ్‌లైన్ లేదు, చెరిపే పని కెర్నల్‌కి వదిలేస్తుంది. మొదటి జవాబులో చెప్పినట్టు ఎరేజ్ సరిచేయండి. ‘ఆర్ఎల్‌ర్యాప్ ఎస్‌క్యూఎల్‌ప్లస్’ అని నడిపితే బ్యాక్‌స్పేస్‌తో పాటు పైబాణం కీతో పాత క్వెరీలు కూడా వస్తాయి. పాస్‌వర్డ్ అడిగే చోట కూడా ఇదే ముప్పు. తెరమీద ఏమీ కనబడదు కాబట్టి చెరిపామనుకున్నది చెరగకుండా, సరైన పాస్‌వర్డే తప్పంటుంది. అక్కడ కూడా అనుమానం వస్తే కంట్రోల్-యూ కొట్టి మొదటినుంచి టైప్ చేయండి.

ఈమధ్య కిట్టీ టెర్మినల్‌కి మారాను. పాత సర్వర్‌కి ఎస్‌ఎస్‌హెచ్ చేస్తే బ్యాక్‌స్పేస్‌కి అక్షరం పోకుండా ఖాళీలు పడుతున్నాయి. — డాలస్

మీరు పంపే కోడ్‌లో గానీ ఎరేజ్‌లో గానీ తప్పుండకపోవచ్చు. అక్షరం నిజంగా చెరుగుతోంది, తెరమీద దాన్ని ఎలా తుడవాలో సర్వర్‌కి తెలియడం లేదు. కిట్టీ తన పేరు ‘ఎక్స్‌టెర్మ్-కిట్టీ’ అని చెప్పుకుంటుంది. ఆ పేరుతో టెర్మ్ఇన్ఫో వివరాలు (ఏ టెర్మినల్‌తో ఎలా మాట్లాడాలో చెప్పేవి) పాత సర్వర్‌లో లేవు. మీ మెషీన్ నుంచి ‘ఇన్ఫోసీఎంపీ -ఎక్స్ ఎక్స్‌టెర్మ్-కిట్టీ | ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్‌పేరు -- టీఐసీ -ఎక్స్ -’ అని ఒక్కసారి నడపండి. వివరాలు సర్వర్‌లో మీ హోమ్ డైరెక్టరీలో నిలుస్తాయి, రూట్ అధికారం అక్కర్లేదు. అది కుదరని చోట పెద్ద అక్షరాల్లో టెర్మ్ వేరియబుల్‌ని ‘ఎక్స్‌టెర్మ్-256కలర్’ చేసుకుంటే పని నడుస్తుంది.

సీరియల్ కేబుల్‌తో స్విచ్‌కి కనెక్ట్ అయినప్పుడు మినీకామ్‌లో బ్యాక్‌స్పేస్ పనిచేయదు. — కర్నూలు

కంట్రోల్-ఏ, తర్వాత టి నొక్కితే వచ్చే టెర్మినల్ సెట్టింగ్స్‌లో బి నొక్కండి. బీఎస్ (8), డీఈఎల్ (127) మధ్య మారుతుంది. పికోకామ్ వాడేవాళ్లు ‘--ఓమ్యాప్ డెల్‌బీఎస్’ ఇస్తే 127 కాస్తా 8గా మారి వెళ్తుంది.

కంట్రోల్-బ్యాక్‌స్పేస్‌తో మాట మొత్తం చెరిగేలా చేయవచ్చా? — ఖమ్మం

చేయవచ్చు. బ్యాక్‌స్పేస్‌కి 127 పంపే టెర్మినళ్లు చాలావరకు కంట్రోల్-బ్యాక్‌స్పేస్‌కి 8 పంపుతాయి. పైన చెప్పిన కంట్రోల్-వి పరీక్షతో మీది కూడా అంతేనని చూసుకుని, .ఇన్‌పుట్ఆర్‌సీ ఫైల్లో ఇలా రాయండి:

"\సి-హెచ్": బ్యాక్‌వర్డ్-కిల్-వర్డ్

ఇందులో సి పెద్ద అక్షరం, హెచ్ చిన్న అక్షరం. ఇది బ్యాష్‌లా రీడ్‌లైన్ వాడే ప్రోగ్రాములకే, ఎడిటర్లకి వర్తించదు. విమ్‌లో ఇన్సర్ట్ మోడ్‌లో కంట్రోల్-హెచ్ ఎప్పుడూ బ్యాక్‌స్పేసే. మాట చెరపడానికి అక్కడ కంట్రోల్-డబ్ల్యు ఉంది, బ్యాష్‌లో కూడా అదే నడుస్తుంది. నలుగురూ వాడే సర్వర్ ఖాతాలో పై వరుస పెట్టకండి. 8 పంపే టెర్మినల్ నుంచి ఎవరైనా లాగిన్ అయితే, ఒక్క అక్షరం చెరపబోయి మాటలకి మాటలు పోగొట్టుకోవచ్చు.